మూసీనీరు – మన మళ్లు

హైదరాబాదు మురుగునీరు మూసీలో గలసి దిగువ మళ్లకు పారుచున్నది. ఇది ఎరువునీరని నేనును ఒకప్పుడు పొగడితిని. కాని నత్రజని మితిమీరినచో వరి ఆకు ఏపుగ పెరిగి చేను పడిపోవును, గింజ తాలగును. వట్టికాళ్లతో మడి దిగువారికి కొంకిపురుగు పట్టును.

అంబరుపేటలో దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధిచేయుటకై యొక కేంద్రము నిర్మింపబడినది. అందు మురుగు తొట్టి యడుగునుండి పైకెక్కుచు మడ్డిపొరగుండ పోవును. గాలి సోకని యా పొరలోని సూక్ష్మజీవులు మలినమును తినివేయగా వాయువు పుట్టును. మన గోబరుగ్యాసు వంటిదే యిది. అయినను నత్రజనిలో హెచ్చుభాగ మట్లే నిలుచును. కర్మాగారముల లవణములను, లోహములను ఈ జీవులు అరిగించుకొనలేవు. కావున ఈ నీరు పారించు మడికి యూరియా తగ్గింపుడు. పచ్చిగ తిను కూరలు వేయకుడు.