నోటి మాట చాలదు... కాగితం కావాలి!

‘సీటు కవర్లు, మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు... అన్నీ ఫ్రీ సార్‌’ అంటాడు షోరూమ్‌ కుర్రాడు. తీరా డబ్బంతా కట్టి కారు తెచ్చుకోవడానికి వెళ్తే ‘ఆ ఆఫర్‌ పోయిన నెలతోనే అయిపోయిందండీ’ అంటారు. మాటిచ్చిన కుర్రాడు అప్పటికి మరో బ్రాంచికి వెళ్లిపోయి ఉంటాడు!

అందుకే అడ్వాన్సు కట్టకముందే ఉచితంగా ఇస్తామన్న ప్రతి వస్తువునూ బుకింగ్‌ ఫారంపై రాయించుకోవాలి. ‘యాక్సెసరీస్‌ ఫ్రీ’ అన్న ఒక్క ముక్క చాలదు. ఏ కంపెనీవి, ధరెంత, ఎప్పుడిస్తారు... అన్నీ ఉండాలి. కింద మేనేజర్‌ సంతకం, షోరూమ్‌ ముద్ర వేయించుకోవాలి. కారు ఇచ్చే రోజు ఆ జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసుకున్నాకే డెలివరీ పత్రంపై సంతకం చేయాలి.

అప్పటికీ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అక్కడ అక్కరకొచ్చేది ఆ కాగితమే.