ఒకే లెక్క... ఇరవై ఏళ్లు!

సెల్‌ఫోన్ తెర మీద ‘5జీ’ అన్న అక్షరాలు వెలిగాయంటే, దాని వెనక టర్కీ ప్రొఫెసర్ ఒకాయన ఇరవై ఏళ్ల మొండి పట్టుదల ఉన్నట్టే! ఆయన పేరు ఎర్దాల్ అరికాన్. పనిచేసింది అంకారాలో. అందుకున్న అవార్డులు చూస్తే చాంతాడంత. కానీ వాటిలో పెద్దవన్నీ యాభై దాటాక వచ్చినవే. మరి అంతవరకూ ఆయన ఏం చేస్తున్నట్టు? ఒకే ఒక్క లెక్కతో కుస్తీ పడుతున్నారు.

ట్రంకాల్ రోజులు గుర్తున్న పెద్దవాళ్లకి ఆ లెక్కేమిటో ఇట్టే అర్థమవుతుంది. ‘పెళ్లి పదిహేనున’ అని గొంతు చించుకుని చెబితే అవతలివాళ్లకి ‘పదకొండున’ అని వినిపించేది. ‘కాదు కాదు, పదిహేను... ఒకటీ ఐదూ’ అని మళ్లీ అరవాల్సి వచ్చేది. పొరపాటైతే పోయేది గానీ, మూడు నిమిషాల కాల్‌లో సగం దానికే సరిపోయేది. ఇప్పటి ఫోన్లదీ అదే కథ. మన మాటా, ఫొటో, వీడియో అన్నీ ఒకట్లూ సున్నాలుగా మారి గాల్లో ప్రయాణిస్తాయి. దారిలో రొద తప్పదు. ఇక్కణ్నుంచి ఒకటి పంపితే అక్కడికి సున్నాగా చేరొచ్చు. అసలు చేరకపోనూ వచ్చు. అందుకే అసలు సమాచారానికి కొన్ని అదనపు అంకెలు జోడించి పంపుతారు. వాటి సాయంతో ఫోన్ తప్పుల్ని తనే దిద్దుకుంటుంది. ఈ జోడింపు పద్ధతినే కోడ్ అంటారు. అదనపు అంకెలు ఎక్కువైతే వేగం పోతుంది, తక్కువైతే తప్పులు మిగిలిపోతాయి. మరి ఎన్ని ఉంటే సరి?

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే క్లాడ్ షానన్ 1948లో దీనికి జవాబు చెప్పారు. ఎంత రొద ఉన్న దారికైనా ఓ గరిష్ఠ వేగం ఉంటుందనీ, దానికి లోబడి పంపినంత కాలం తప్పుల్ని దాదాపు సున్నాకి తేవచ్చనీ నిరూపించారు. అయితే అలాంటి కోడ్ ఒకటి ఉండి తీరుతుందన్నారే తప్ప, దాన్నెలా తయారుచేయాలో చెప్పలేదు. నేల కింద నిధి ఉందని రుజువు చూపించి, గడ్డపార మాత్రం ఇవ్వలేదన్నమాట! ఆ గడ్డపార కోసం గణిత పండితులు అరవై ఏళ్లు వెతికారు.

డాక్టరు గారబ్బాయి

అరికాన్ 1958లో పుట్టారు. తండ్రి డాక్టరు. వైద్యంలో రెండూ రెండూ కలిస్తే ప్రతిసారీ నాలుగే కావాలని లేదని ఆయన ఓసారి కొడుకుతో అన్నారట. ఆ మాట కుర్రాడికి అస్సలు నచ్చలేదు. అలాగైతే తనకా చదువే వద్దనుకుని లెక్కలూ ఇంజినీరింగ్ వైపు వెళ్లిపోయాడు. 1977లో అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీలో సీటొచ్చింది.

కానీ అవి టర్కీలో మంచి రోజులు కావు. వామపక్షాలకీ మితవాదులకీ మధ్య వీధుల్లోనే కాల్పులు జరిగేవి. కాలేజీల్లో బహిష్కరణలు, మూతబడిన తరగతులు. చివరికి 1980 సెప్టెంబరులో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. పాఠాలు జరగని కాలేజీలో కూర్చోవడం ఇష్టం లేక అరికాన్ అంతకుముందే అమెరికా దారి పట్టారు. మంచి మార్కుల పుణ్యమా అని కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో చోటు దొరికింది. 1981లో అక్కడ డిగ్రీ పూర్తిచేసి, ఎంఐటీకి వెళ్లి 1982లో మాస్టర్స్, 1985లో పీహెచ్‌డీ అందుకున్నారు.

అక్కడ ఆయనకు దొరికిన గురువు మామూలు మనిషి కాదు... రాబర్ట్ గాలగర్! షానన్ చెప్పిన నిధి కోసం తవ్వినవాళ్లలో ముందువరసలోని వ్యక్తి. గాలగర్ 1960లోనే తన పీహెచ్‌డీ కోసం ‘ఎల్‌డీపీసీ’ అనే కోడ్‌లు తయారుచేశారు. భేషైన ఆలోచనే గానీ, ఆనాటి కంప్యూటర్లకు దాన్ని ఆడించే శక్తి లేదు. దాంతో ముప్ఫై ఏళ్లకు పైగా అది లైబ్రరీల్లో దుమ్ము కొట్టుకుపోయింది. 1990ల్లో ఇంకొందరు మళ్లీ వెలికితీసేదాకా దాని విలువ లోకానికి తెలియలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వెనక్కి... అంకారాకి!

ఎంఐటీ పట్టా, గాలగర్ శిష్యుడన్న పేరు... అమెరికాలో ఉండిపోవడానికి ఇంకేం కావాలి? అరికాన్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కొద్దికాలం పాఠాలు చెప్పారు కూడా. కానీ 1987లో స్వదేశానికి తిరిగొచ్చి అంకారాలోని బిల్‌కెంట్ విశ్వవిద్యాలయంలో చేరారు. టర్కీలో అది మొట్టమొదటి ప్రైవేటు విశ్వవిద్యాలయం. అప్పటికి పెట్టి మూడేళ్లే. పెట్టింది ఇహ్సాన్ దొరామజీ అనే పిల్లల డాక్టరు. డాక్టరీ వద్దనుకుని పారిపోయిన మనిషికి చివరికి డాక్టరు పెట్టిన చోటే నీడ దొరికింది!

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ విభాగంలో ఉద్యోగం. పగలు పాఠాలు, మిగతా సమయమంతా లెక్క. అదీ ఎలాంటి లెక్క? మిగతావాళ్లు పక్కన పెట్టేస్తున్నది. తప్పుల్ని దిద్దే పాత పద్ధతుల్లో ‘సీక్వెన్షియల్ డీకోడింగ్’ అని ఒకటుంది. అరికాన్ పీహెచ్‌డీ చేసింది దానిమీదే. వేగం ఒక హద్దు దాటితే ఆ పద్ధతి చతికిలబడుతుంది. ఆ హద్దుని ఇంకాస్త పైకి జరపగలమా అన్నదే ఆయన ప్రశ్న. షానన్ నిధి మీద ఆయన నేరుగా గురిపెట్టనే లేదు. సోవియట్ శాస్త్రవేత్త మార్క్ పిన్‌స్కర్ 1965లో, అమెరికన్ జేమ్స్ మాసీ 1981లో ఈ ప్రశ్న మీద రాసినవి ఆయనకు ఆధారం.

ఇంతలో 1993లో ఫ్రాన్స్ నుంచి క్లాడ్ బెరూ, అలెన్ గ్లావియు ‘టర్బో కోడ్’లతో వచ్చి దుమ్ము రేపారు. షానన్ హద్దుకి వెంట్రుకవాసి దూరంలోకి చేరుకున్నారు. మన 3జీ, 4జీ ఫోన్లు పనిచేసింది వాటితోనే. ఆ వెంటనే గాలగర్ పాత కోడ్‌లూ బతికొచ్చాయి. పరిశోధకులంతా అటు పరుగెత్తారు. సీక్వెన్షియల్ డీకోడింగ్ అంటే ఇక ఎవరికి కావాలి? అలాంటి సమయంలో ఏ కుర్ర పరిశోధకుడైనా గాలివాటం చూసి అటు దూకేస్తాడు. అలా దూకితే తప్పు పట్టాల్సిందీ లేదు. పేపర్లు అచ్చవ్వాలి, ప్రమోషన్ రావాలి కదా! అరికాన్ మాత్రం తన పాత ప్రశ్నని వదల్లేదు. 2006లో దానిమీద ఓ పేపరు వేశారు. రెండు దారుల్ని కలిపి మళ్లీ విడదీస్తే ఆ హద్దు పెరుగుతుందని చూపించారు. అక్కడే ఆయనకు తీగ దొరికింది.

చిలికితే వచ్చిన వెన్న

డొంకంతా కదిలింది మాత్రం ఆ పనిని పదేపదే చేసి చూసినప్పుడు. ఆ కిటుకు మన వంటింట్లోనూ ఉన్నదే. పెరుగు చిలికితే ఏమవుతుంది? వెన్న ఓ పక్కకి, మజ్జిగ ఓ పక్కకి చేరతాయి. కొత్తగా వెన్న పుట్టదు, ఉన్నదే ఒకచోటికి చేరుతుంది. అరికాన్ రొదని అలా చిలికారు!

కాస్త వివరంగా చూద్దాం. పంపిన ప్రతి వంద అంకెల్లో యాభై మాయమైపోయే పరమ చెత్త దారి ఒకటుందనుకోండి. దానిమీద రెండు అంకెలు పంపాలి. మామూలుగా పంపితే దేనికైనా నూటికి యాభై పాళ్లు నష్టం. అరికాన్ ఏం చేశారంటే... మొదటి అంకెని ఒంటరిగా కాకుండా రెండోదాంతో కలిపి పంపారు. రెండోదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు పంపారు. ఇప్పుడు అవతలివాళ్లకి మొదటి అంకె తెలియాలంటే పంపినవి రెండూ చేరాలి. కాబట్టి దాని నష్టం నూటికి 75కి పెరిగింది. కానీ ఆ మొదటిది ఒకసారి తెలిసిపోతే, రెండో అంకెకి రెంటిలో ఏ ఒక్కటి చేరినా చాలు. దాని నష్టం 25కి పడిపోయింది. సగటు చూస్తే పాత యాభయ్యే. కానీ సమానంగా చెడ్డ రెండు దారుల్లోంచి ఒకటి బాగుపడింది, రెండోది ఇంకా పాడైంది.

ఈ రెంటినీ మళ్లీ అలాగే చిలికితే నాలుగవుతాయి. వాటి నష్టాలు ఇంచుమించుగా 94, 56, 44, 6. ఇంకోసారి చిలికితే ఎనిమిది, ఆ తర్వాత పదహారు... పదిసార్లకి 1024. అలా పోగాపోగా మధ్యరకం దారులు తగ్గిపోతూ, ఎక్కువ భాగం నష్టం లేనివిగానో, ఎందుకూ కొరగానివిగానో తేలిపోతాయి. రెండు ధ్రువాలకు చేరినట్టు! అందుకే వీటికి ‘పోలార్ కోడ్’లని పేరు. ఇక చేయాల్సిందల్లా మంచి దారుల్లో అసలు సమాచారం పంపడం, పనికిరాని వాటిలో ఇద్దరికీ ముందే తెలిసిన సున్నాలు పెట్టడం. మొత్తంలో మంచి దారుల వాటా ఎంతకి చేరుతుందో తెలుసా? సరిగ్గా షానన్ చెప్పిన హద్దుకి!

టర్బో కోడ్‌లు ఆ హద్దుకి దగ్గరగా వెళ్లాయి గానీ, ఎందుకంత బాగా పనిచేస్తాయో పూర్తి రుజువు లేదు. అరికాన్ కోడ్‌కి రుజువుంది, తయారుచేసే పద్ధతీ ఉంది, దాన్ని విప్పే లెక్కా సులువే. 2009 జులైలో ‘ఐ ట్రిపుల్ ఈ’ వారి సమాచార సిద్ధాంత పత్రికలో ఆ పేపరు అచ్చయింది. 23 పేజీలు. రచయిత ఒక్కరే. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది, బిల్‌కెంట్‌లో చేరి 22 ఏళ్లయింది.

గురుశిష్యులు ఎదురెదురుగా

పేపరు బాగుంది సరే, ఫోన్లోకి ఎలా వచ్చింది? మొదట్లో చిన్నచిన్న సందేశాలకు ఈ కోడ్‌లు అంత బాగా పనిచేయలేదు. 2011లో ఇడో టల్, అలెగ్జాండర్ వార్డీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విప్పే పద్ధతిని మెరుగుపరిచాక ఆ లోటు తీరింది. చైనా కంపెనీ హువావే అంతకుముందే దీనిమీద కన్నేసి పెద్దఎత్తున డబ్బు గుమ్మరించడం మొదలుపెట్టింది. ఇక్కడో మాట చెప్పుకోవాలి. అరికాన్ తన పద్ధతిని పత్రికలో అందరి ముందూ పెట్టేశారు. దాన్ని ఫోన్లలో ఇమిడ్చే ఉపాయాల మీద మాత్రం కంపెనీలు పోటీపడి పేటెంట్లు తీసుకున్నాయి.

2016లో 5జీకి ప్రమాణాలు రాసే సమయం వచ్చింది. ప్రపంచంలోని టెలికాం కంపెనీల ఇంజినీర్లంతా కూర్చుని ఏ కోడ్ వాడాలో తేల్చుకోవాలి. పోటీలో ఎవరెవరున్నారు? ఒకపక్క హువావే బలపరిచిన అరికాన్ పోలార్ కోడ్. ఇంకోపక్క అమెరికా కంపెనీ క్వాల్‌కామ్ బలపరిచిన ఎల్‌డీపీసీ... అంటే గాలగర్ 1960 నాటి కోడ్! ఎంఐటీలో గురుశిష్యులైన ఇద్దరి లెక్కలు బరిలో ఎదురెదురుగా నిలిచాయి. అక్టోబరులో లిస్బన్‌లో జరిగిన సమావేశంలో పొడవాటి డేటాకి ఎల్‌డీపీసీ ఖాయమైంది. నవంబరులో అమెరికాలోని రీనోలో వాదోపవాదాల తర్వాత కంట్రోల్ సమాచారానికి పోలార్ కోడ్ ఎంపికైంది. మన సినిమా, వీడియోకాల్ వచ్చేది గురువు లారీలో. ముందు నడుస్తూ దారి చూపించే పైలట్ బండి శిష్యుడిది. ఫోన్ 5జీ టవర్‌ని పట్టుకోగానే చదివే తొలి వివరాలూ, ‘నీ డేటా ఫలానా చోట ఉంది, తీసుకో’ అని టవర్ చెప్పే కబురూ పోలార్ కోడ్‌లోనే వస్తాయి. మన దేశంలో 2022 అక్టోబరులో 5జీ మొదలైనప్పటి నుంచీ మన ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది.

ఈ గొడవలో ఓ విడ్డూరం కూడా ఉంది. లెనోవో కంపెనీ ఆ సమావేశాల్లో హువావేకి మద్దతివ్వలేదంటూ 2018లో చైనా జనం ఇంటర్నెట్‌లో దుమ్మెత్తిపోశారు. తాము దేశద్రోహులం కామని ఆ కంపెనీ పెద్దలు బహిరంగ ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. టర్కీ ప్రొఫెసర్ లెక్క, చైనా వాళ్ల దేశభక్తికి పరీక్షైపోయింది!

వరసకట్టిన గౌరవాలు

ఆ ఏడాది జులైలోనే హువావే అరికాన్‌ని షెన్‌జెన్‌కి పిలిచి ఘనంగా సన్మానించింది. పారిస్ టంకశాలలో ప్రత్యేకంగా చేయించిన పతకాన్ని సంస్థ అధినేత రెన్ జెంగ్‌ఫే స్వయంగా అందించారు. ఓ సిద్ధాంత శాస్త్రవేత్తకి ఫోన్ల కంపెనీ ఇంత హంగామా చేయడం అరుదే.

చదువుల లోకం మాత్రం అంతకు చాలాముందే గుర్తించింది. పేపరు వచ్చిన మరుసటేడే, 2010లో, సమాచార సిద్ధాంత సంఘం దాన్ని ఉత్తమ పత్రంగా ఎంచింది. అదే ఏడాది సొంతదేశంలో సెదత్ సిమావి విజ్ఞాన పురస్కారం వచ్చింది. 2012లో ఐ ట్రిపుల్ ఈ ఫెలోషిప్, 2013లో ఆ సంస్థ పత్రికలన్నిట్లోకీ మేలైన పత్రానికిచ్చే బేకర్ అవార్డు, 2018లో రిచర్డ్ హామింగ్ పతకం. హామింగ్ అంటే బెల్ ల్యాబ్స్‌లో షానన్ సహోద్యోగి, తప్పుల్ని దిద్దే కోడ్‌లకు ఆద్యుల్లో ఒకరు. ఈలోగా అరికాన్ అంకారాలో ‘పోలారన్’ అనే చిన్న కంపెనీ కూడా పెట్టారు.

2019లో వచ్చింది అన్నిటికన్నా పెద్దది, షానన్ అవార్డు. ఈ రంగంలో దీన్ని మించింది లేదు. తొలి గ్రహీత సాక్షాత్తూ షానన్. అరికాన్‌కి దారి చూపిన పిన్‌స్కర్‌కి 1978లో, గాలగర్‌కి 1983లో, మాసీకి 1988లో ఇదే అవార్డు దక్కింది. అందుకున్నవాళ్లు ఓ ఉపన్యాసం ఇవ్వాలన్నది ఆనవాయితీ. ఆ జులైలో పారిస్‌లో అరికాన్ ఆ వేదికెక్కారు.

మరుసటేడు గాలగర్‌కి జపాన్ ప్రైజ్ ప్రకటించారు. ఆయన ఎల్‌డీపీసీ కోడ్‌లు రాసి అప్పటికి అరవై ఏళ్లు. గురువుగారి వయసు 88.