కెమెరా కొనే ముందు మూడు ప్రశ్నలు

చలికాలం మొదలయ్యిందంటే కైకలూరు పక్కనున్న ఆటపాక పక్షుల కేంద్రానికి కుటుంబాల రాక పెరుగుతుంది. ఆకివీడు నుండి రైలులో వచ్చేవారు, ఏలూరు, తాడేపల్లిగూడెం నుండి బండ్ల మీద వచ్చేవారు గట్టుమీద నిలబడి చూస్తుంటారు. చెరువులో నిలబెట్టిన ఇనుప స్టాండ్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుని పిల్లలను సాకుతుంటాయి. మన పిల్లలు ఫోను ఎత్తి ఫొటో తీస్తారు. తెరమీద చూస్తే పక్షి ఒక తెల్లని చుక్కగా మాత్రమే కనిపిస్తుంది. ఇల్లు చేరేలోగా "అమ్మీ, ఒక మంచి కెమెరా కొందామా?" అనే మాట రానే వస్తుంది.

ఆ కోరికలో తప్పేమీ లేదు. తలపైన రెక్కలు చాస్తూ, ముడుస్తూ ఎగిరే పక్షులను గమనించమని ఖుర్ఆన్ 67వ సూరా మన దృష్టిని మళ్ళిస్తుంది. సృష్టిని శ్రద్ధగా చూడటం విశ్వాసికి తగిన అలవాటే. అయితే కోరికకూ కొనుగోలుకూ మధ్య మూడు ప్రశ్నలు నిలవాలి. మనం చూడదలచింది ఏమిటి? ఎంత దూరం నుండి చూస్తాం? దానికి పెట్టే సొమ్ము ఎలాంటిది? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ కెమెరా అన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

చీకటి గది చెప్పిన పాఠం

కెమెరా వెనుక ఉన్న శాస్త్రం మనకు పరాయిది కాదు. సుమారు 965లో బస్రాలో జన్మించి, కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ 'కితాబుల్ మనాజిర్' అనే గ్రంథంలో చూపు ఎలా కలుగుతుందో వివరించారు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయన్న పాత అభిప్రాయాన్ని ఆయన తోసిపుచ్చారు. వస్తువు నుండి వచ్చే కాంతే కంటిలో ప్రవేశిస్తుందని నిరూపించారు. చీకటి గదికి చిన్న రంధ్రం ఉంచి, బయట కొన్ని దీపాలు పెట్టి, ఒక్కొక్క దీపాన్ని మూసి చూశారు. ఏ దీపాన్ని మూస్తే లోపలి గోడమీద దాని వెలుగు మచ్చ ఒక్కటే మాయమైంది. 2015ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా పాటించినప్పుడు ఆయన కృషికి వెయ్యేళ్ళ పండుగ కూడా జరిగింది.

నేటి కెమెరా కూడా ఒక చీకటి గదే. లోపలికి ఎంత కాంతి, ఎంత స్పష్టంగా వస్తున్నదన్నదే ముఖ్యం. ఆ పని చేసేది లెన్సు. కనుక మొదటి సూత్రం ఇది: బాడీ మీద తక్కువ, లెన్సు మీద ఎక్కువ వెచ్చించండి. బాడీ కొన్నేళ్ళకు పాతబడుతుంది. మంచి లెన్సు బాడీలు మారినా నిలుస్తుంది.

దూరం లెక్క

గూడబాతు పొడవు సుమారు 1.4 మీటర్లు అనుకుందాం. అది మనకు 100 మీటర్ల దూరంలో ఉంది. ఫోనులోని ప్రధాన కెమెరా సాధారణంగా 26 మి.మీ. లెన్సుతో సమానంగా చూస్తుంది. అంత దూరంలో దాని చట్రంలోకి దాదాపు 138 మీటర్ల వెడల్పు దృశ్యం వస్తుంది. అందులో పక్షి వందో వంతు మాత్రమే. అదే చోట 400 మి.మీ. చూపు ఉన్న లెన్సుతో చూస్తే చట్రం వెడల్పు 9 మీటర్లకు తగ్గుతుంది. పక్షి అందులో ఆరో వంతు ఆక్రమిస్తుంది. 600 మి.మీ. అయితే నాలుగో వంతు. ఫోనులో వేళ్ళతో సాగదీసే జూమ్ ఉన్న చుక్కనే పెద్దది చేస్తుంది, కొత్త వివరాన్ని తేలేదు.

సెన్సరు పరిమాణం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు 36×24 మి.మీ. ఉంటుంది. ఏపీఎస్-సీ సెన్సరు దానికంటే చిన్నది. అందుచేత దానిపై 250 మి.మీ. లెన్సు 375 నుండి 400 మి.మీ. వరకు చూపునిస్తుంది. పక్షులను చూడాలనుకునే కుటుంబానికి ఇది మేలు చేసే విషయమే. ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ బాడీకి ఎగబడనవసరం లేదు. ఏపీఎస్-సీ బాడీకి 55-250 లేదా 70-300 లెన్సు తోడైతే ఆటపాక గట్టుమీద తొలి అడుగుకు చాలు.

లెన్సులు మార్చే తలనొప్పి వద్దనుకునేవారికి బ్రిడ్జ్ కెమెరాలు ఉన్నాయి. 2015లో వచ్చిన నికాన్ పీ900 ఒక్క లెన్సుతోనే 24 నుండి 2000 మి.మీ. వరకు చూపునిచ్చింది. కానీ ఇలాంటి కెమెరాల సెన్సరు చాలా చిన్నది. ఎండలో బాగా పనిచేస్తాయి, మసక వెలుతురులో చిత్రం గరుకుబారుతుంది. ఇంట్లో అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు అందరూ వాడుకునేందుకు మాత్రం ఇవి సులువైనవి.

ఇక అసలు ఫోను చాలదా? కుటుంబ సందర్భాలకు, ఇంటి పెరటికి, వంటింటి వీడియోకి చాలు. ఉన్న ఫోనుతో ఆరు నెలలు శ్రద్ధగా తీసి, ఎక్కడ ఆగిపోతున్నామో తెలుసుకున్న తరువాత కొనడమే వివేకం.

వెలుగు, నిలకడ, శబ్దం

ఫొటోకి మంచి వెలుగు సూర్యోదయం తరువాతి తొలి గంటలోనూ, అస్ర్ తరువాత సాయంకాలంలోనూ దొరుకుతుంది. ఫజ్ర్ నమాజు చేసి బయలుదేరే ఇంటికి ఈ వెలుగు ఖర్చులేని వరం. ఎగిరే పక్షికి షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ కాలం ఉండాలి. 1600వ వంతు అయితే రెక్కల అంచులు కూడా నిలుస్తాయి.

గట్టుమీద మూడుకాళ్ళ స్టాండు ఉపయోగమే. పడవలో అది పడవ అదురును కెమెరాకు అందిస్తుంది. అక్కడ చేతితోనే పట్టుకోవడం మేలు. కారు కిటికీకో, పిట్టగోడకో ఆనించడానికి బియ్యమో పెసలో నింపిన చిన్న గుడ్డసంచి ఇంట్లోనే కుట్టుకోవచ్చు.

వీడియో తీసేవారు ఎక్కువగా మరచేది శబ్దం. చిత్రం కాస్త మసకగా ఉన్నా చూస్తాం, మాట వినబడకపోతే ఆపేస్తాం. కనుక కొనబోయే కెమెరాకు మైకు పెట్టుకునే రంధ్రం ఉందో లేదో ముందే చూడాలి. కొల్లేటి గాలికి మైకుపై బొచ్చుతొడుగు తప్పనిసరి. సెకనుకు 25 చట్రాలు, షట్టరు 50వ వంతు పెట్టుకుంటే మన కరెంటు దీపాల కింద మిణుకులు రావు. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కావడమే అందుకు కారణం. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కె వీడియో తీస్తే గంటకు 45 జీబీ నిండుతుంది. వి30 గుర్తున్న మెమరీ కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగలదు కనుక ఈ పనికి అది చాలు.

పాత కెమెరా, కొల్లేటి తేమ

2018లో కెనాన్, నికాన్ రెండూ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చిన తరువాత మార్కెట్టు అటే మళ్ళింది. అందువల్ల మంచి డీఎస్ఎల్ఆర్‌లు వాడినవి చవకగా దొరుకుతున్నాయి. నేర్చుకునేవారికి ఇది మంచి అవకాశం. కొనేముందు షట్టరు ఎన్నిసార్లు పనిచేసిందో అడగాలి. తొలి శ్రేణి డీఎస్ఎల్ఆర్‌ల షట్టరుకు సాధారణంగా లక్ష క్లిక్కులు ఒక కొలమానం. లెన్సు వెనుక నుండి టార్చి వేసి చూడాలి. సాలెగూడు వంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, అలాంటి లెన్సు వదిలేయాలి. అమ్మేవారు కూడా లోపం దాచకుండా చెప్పాలి. వస్తువు లోపాన్ని దాచి అమ్మడాన్ని దైవప్రవక్త (స) ఖండించారని మనకు తెలుసు.

ఉప్పుటేరు ఒడ్డున, చేపల చెరువుల నడుమ నివసించే మనకు తేమే పెద్ద శత్రువు. కెమెరాను తోలు సంచిలో బీరువాలో పెట్టి మరచిపోరాదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుండి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. వారానికి ఒకసారైనా బయటకు తీసి వాడాలి.

సొమ్ము శుభ్రత

దుబారాకూ పిసినారితనానికీ మధ్య నడవమని ఖుర్ఆన్ 25వ సూరా బోధిస్తుంది. వంటింటి సరుకులు, పిల్లల ఫీజులు, అప్పులు తీరిన తరువాత మిగిలిన దానితోనే అభిరుచి. దుకాణాలు చూపే 'నో కాస్ట్ ఈఎంఐ'ని కూడా కళ్ళు తెరిచి చదవాలి. చాలా సందర్భాలలో బ్యాంకు వడ్డీ లెక్క వేస్తుంది, ఆ మేరకు అమ్మకందారు ధరలో రాయితీ ఇస్తాడు, ఆ వడ్డీపై జీఎస్టీ కొనేవారి మీద పడుతుంది. పేరులో ఖర్చు లేకపోయినా కాగితం మీద వడ్డీ ఉంటుంది. సంతకం చేసేముందు నమ్మకమైన ఆలిమ్‌ను అడగండి. కొన్ని నెలలు కూడబెట్టి కొనడం, అన్నదమ్ముల పిల్లలు కలిసి ఒక లెన్సు కొనుక్కోవడం, పెద్ద పట్టణంలో ఒకరోజుకు అద్దెకు తెచ్చుకోవడం ఇంతకంటే నిశ్చింత. సొంత వాడకంలోని కెమెరాపై జకాత్ లేదు. దానికోసం దాచిన డబ్బు నిసాబ్ చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే మాత్రం జకాత్ లెక్కలోకి వస్తుంది.

మనం తీసేవారి హక్కు

ఒక ప్రయాణంలో సహచరులు పక్షి పిల్లలను రెండింటిని పట్టుకోగా, తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ చుట్టూ తిరిగింది. అది చూసిన దైవప్రవక్త (స) పిల్లలను తల్లికి తిరిగి ఇమ్మని ఆదేశించారు. ఈ సంఘటన సునన్ అబూ దావూద్‌లో ఉంది. గూటి దగ్గరకు చొచ్చుకుపోయే ఫొటోగ్రాఫరు కూడా అదే తల్లిని బెదరగొడుతున్నాడు. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు, పిల్లలు కాకులకు చిక్కుతాయి. పొడవైన లెన్సు కొనడానికి అసలు కారణం ఇదే: పక్షిని కదపకుండా చూడటం. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ డ్రోను ఎగరవేయరాదు.

మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఫొటోల గురించి ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ప్రతి కుటుంబం తాను నమ్మే ఆలిమ్ మాటను పాటించవచ్చు. కానీ అడగకుండా ఒకరి ముఖం తీయరాదన్న విషయంలో, వలీమాలో స్త్రీల చిత్రాలు బయటి ఫోన్లకు చేరరాదన్న విషయంలో సందేహానికి తావు లేదు. ఇంటి ఆడపిల్ల కెమెరా నేర్చుకుంటే ఆ విభాగంలో ఆమె తీసిన చిత్రాలు ఆమె వద్దే భద్రంగా ఉంటాయి. కనుక నేర్పేటప్పుడు కొడుకుకు మాత్రమే నేర్పకండి.

ప్రఖ్యాత పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ (1896-1987) 1930ల తొలి ఏళ్ళలో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. బైనాక్యులర్, నోటు పుస్తకం ఆయన సాధనాల్లో ఉండేవి. తరువాతి కాలంలో ఆయన మిత్రుడు లోక్ వాన్ థో ఎన్నో యాత్రల్లో తోడుండి పక్షుల ఫొటోలు తీశారు. చూడటం ముందు, తీయడం తరువాత అన్న క్రమం వారి స్నేహంలోనే ఉంది.

2006లో ప్రభుత్వం కొల్లేటిలోని అక్రమ చేపల చెరువుల గట్లను పగలగొట్టించింది. ఆనాడు నీరు ఎంతవరకు ఉండేది, ఏ పక్షి ఎక్కడ వాలేది అని నేడు అడిగితే తేదీలతో కూడిన చిత్రాలు ఉన్నవారే ఖచ్చితంగా చెప్పగలరు. ఆకివీడులో ఒక పిల్లవాడో, పిల్లో నెలకొకసారి ఒకే గట్టు మీద నిలబడి, ఒకే దిక్కుకు ఫొటో తీసి, తేదీ, చూసిన పక్షుల పేర్లు రాసుకుంటే పదేళ్ళలో అది సరస్సుకు సాక్ష్యమవుతుంది. దానికి ఫోను కూడా చాలు. ఈ నెలలోనే ఒక గట్టును ఎంచుకోండి. అక్కడ ఏమి చూడలేకపోతున్నారో ఆరు నెలల తరువాత మీకే తెలుస్తుంది. అప్పుడు లెన్సు కొనండి, ఇన్‌షా అల్లాహ్.