మచ్చ లేని కుష్టు

హైదరాబాద్‌లోని చంపాపేట్ ఫంక్షన్ హాళ్లలో పెళ్లివంటలు చేసే మనిషి ఒకరున్నారనుకుందాం. నూనె చింది చిటికెన వేలి పక్కన బొబ్బ లేచింది. సాయంత్రం చేతులు కడుక్కునేటప్పుడు చూసుకుంటే గానీ కాలిన సంగతే తెలియలేదు. ఒంటి మీద ఎక్కడా మచ్చ లేదు. షుగరేమోనని ఒకరు, మెడ దగ్గర నరం నొక్కుకుందని ఇంకొకరు అంటారు. కుష్టు మాట ఎవరి నోటా రాదు.

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టిన కుష్టు బాక్టీరియాకు చల్లదనం ఇష్టం. అందుకే చర్మాన్నీ, చర్మానికి దగ్గరగా సాగే నరాలనూ పట్టుకుంటుంది. కొందరిలో చర్మం జోలికే పోదు, నరాల్లోనే తిష్ఠ వేస్తుంది. డాక్టర్లు దీన్ని ప్యూర్ న్యూరైటిక్ లెప్రసీ అంటారు. మన దేశపు కుష్టు రోగుల్లో నూటికి 4 నుంచి 10 మంది దాకా ఈ కోవలోకి వస్తారని అంచనా.

చర్మానికి చిన్న గాటు పెట్టి చేసే స్మియర్ పరీక్షలో వీళ్లకు ఏమీ దొరకదు. ఇక పనంతా డాక్టరు వేళ్లదే. రోగి మోచేతిని కాస్త మడిచి, లోపలివైపు ఎముక వెనకున్న గాడిలో తడుముతారు. మోచేయి గోడకు కొట్టుకున్నప్పుడు జిల్లుమనిపించే అల్నార్ నరం ఉండేది అక్కడే. జబ్బు పడితే అది తాడులా గట్టిపడి వేలికి తగులుతుంది. రెండు చేతులూ పోల్చి చూడాలి. తడిమేటప్పుడు డాక్టరు చూపు రోగి ముఖం మీద ఉండాలి, నొప్పి అక్కడే బయటపడుతుంది కాబట్టి. తర్వాత మోకాలి పక్కన, చీలమండ వెనక. ఆపైన సన్నని నైలాన్ పోగు చర్మానికి ఆనించి, కళ్లు మూసుకున్న రోగిని తగిలిన చోటు చూపించమంటారు. షుగర్ తిమ్మిర్లు సాధారణంగా రెండు పాదాల్లోనూ మొదలవుతాయి. కుష్టు ఎక్కువగా ఒక చేతినో, ఒక కాలినో పట్టుకుంటుంది.

వేలికి అందనిది యంత్రం చూపిస్తుంది. కుష్టు రోగుల నరాలు ఎంత లావెక్కాయో, రియాక్షన్ వచ్చినప్పుడు, అంటే నరాలు ఉన్నట్టుండి వాచినప్పుడు, వాటిలో రక్తప్రవాహం ఎలా పెరిగిందో హైదరాబాద్ పరిశోధకులు అల్ట్రాసౌండ్‌తో చూపించి 2009లో ప్రచురించారు. అప్పటికీ తేలకపోతే బయాప్సీ చేస్తారు. కదలికలు నడిపే నరాన్ని కోస్తే చెయ్యో కాలో పడిపోతుంది గనుక, స్పర్శ మాత్రమే మోసే సన్నని నరంలోంచి ముక్క తీస్తారు.

కుష్టు 10,000 మందికి ఒక కేసు కన్నా తగ్గిందని 2005లో దేశం ప్రకటించుకుంది. కుష్టు పోయిందన్న ధీమా మాత్రం డాక్టర్లకూ పాకింది. నరం తడిమి చూసే అలవాటు తగ్గడానికి అదీ ఒక కారణమే. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడితే పోయిన స్పర్శ కొంతైనా తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. బాక్టీరియాను చంపే మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే ఇస్తారు.