మోయీ నది ఒడ్డున వీసా ముద్ర ఉండదు

‘బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం, టికెట్ ఖర్చు కంపెనీదే.’ ఇలాంటి మెసేజ్ మీ ఇంట్లో కుర్రాడి ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. నమ్మి వెళ్లి మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల స్థావరాల్లో చిక్కుకున్న భారతీయుల్లో 549 మందిని 2025 మార్చిలో రెండు వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు.

థాయ్‌లాండ్‌కి బయల్దేరినవాళ్లు మయన్మార్‌లో ఎలా తేలారు? బ్యాంకాక్ నుంచి మే సోట్ అనే ఊరు రోడ్డు మీద సుమారు 500 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిరుపతికి కాస్త తక్కువ. ఆ ఊరి అంచునే మోయీ నది, అవతలి గట్టు మయన్మార్. ఎండాకాలంలో కొన్నిచోట్ల నడిచి దాటేయొచ్చు, పడవలోనైతే నిమిషాల పని. రాత్రిపూట దాటిస్తే ఎక్కడికి వచ్చామో కూడా తెలియదు.

అసలు ఉచ్చు ఇక్కడే ఉంది. పాస్‌పోర్టులో థాయ్‌లాండ్ వదిలినట్టు ముద్ర పడదు, మయన్మార్‌లో అడుగుపెట్టినట్టూ పడదు. తప్పించుకుని తిరిగి నది దాటితే మళ్లీ దొంగదారిన వచ్చినట్టే లెక్క. డబ్బు తీసుకుని సరిహద్దు దాటించడం ఒక నేరం. మోసంతోనో బలవంతంతోనో మనిషిని తెచ్చి వాడుకోవడం అంతకన్నా పెద్ద నేరం, దాన్నే మానవ అక్రమ రవాణా అంటారు. ఈ పిల్లల విషయంలో రెండూ జరిగాయి.

మరి అక్కడ పోలీసులు లేరా? ఆ గట్టు మీద పెత్తనం చాలాకాలంగా సాయుధ దళాలదే. వాటిలో ఒకటి, 2010లో మయన్మార్ సైన్యం తన కింద చేర్చుకున్న కరెన్ తెగవాళ్ల సరిహద్దు దళం. తర్వాత అది పేరు మార్చుకుంది. సైబర్ మోసాల ముఠాలకు అండగా ఉందంటూ 2025 మేలో అమెరికా దానిపై ఆంక్షలు పెట్టింది. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందితో బలవంతంగా మోసాలు చేయిస్తున్నారని ఐక్యరాజ్యసమితి 2023లో చెప్పింది. సూర్యాపేట లాంటి పట్టణం మొత్తాన్ని గోడల మధ్య పెట్టి, ఫోన్లిచ్చి కూర్చోబెట్టినట్టు.

ఎక్కడో జరిగేది మనకెందుకు అనిపించొచ్చు. 2024లో సైబర్ మోసాల్లో భారతీయులు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలు. రోజుకు 62 కోట్ల పైమాటే. దేశ జనాభాకు పంచితే నలుగురున్న ఇంటికి దాదాపు 650 రూపాయలు. ఇదంతా ఆ గట్టుకే పోలేదు కానీ, అలాంటి స్థావరాల వాటా పెద్దదే.

2025 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ ఆ ప్రాంతాలకు కరెంటు, ఇంటర్నెట్, ఇంధనం ఆపేసింది. వేలమంది బయటపడ్డారు. అయినా ముఠాలు జనరేటర్లతో, శాటిలైట్ ఇంటర్నెట్‌తో నెట్టుకొచ్చాయి. ఆ అక్టోబరులో స్టార్‌లింక్ 2,500కు పైగా పరికరాలను ఆపేయాల్సి వచ్చింది. అందుకే పిల్లల్ని ఇంటి దగ్గరే ఆపగలగడం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది.

ఏజెంటు పేరు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. నమోదైన ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000, జీఎస్టీతో 35,400 రూపాయలే. ‘థాయ్‌లాండ్‌కి వీసా అక్కర్లేదు కదా’ అంటే ఒప్పుకోకండి. ఆ సడలింపు ఉద్యోగాలకు కాదు. ఉద్యోగానికి వీసా, పని అనుమతి వేరే కావాలి. మీవాడు ఇప్పటికే వెళ్లిపోయి, బ్యాంకాక్‌కే అని చెప్పి ఎక్కించుకున్న కారు మే సోట్ దారి పట్టిందని ఫోన్‌లోని మ్యాప్ చూపిస్తుంటే, నదికి ఇవతల ఉండగానే 1155కి ఫోన్ చేయమనండి. అది థాయ్ టూరిస్ట్ పోలీసుల నంబరు.