పెరటి అతిథులు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో చేల అంచున ఉన్న పల్లెలను వేకువనే మేల్కొలిపే కంఠాలలో కౌజుపిట్టది ఒకటి. కోడి, నెమలి, కౌజు ఒకే కుటుంబానికి చెందిన పక్షులు. సంస్కృతంలో కౌజును తిత్తిరి అంటారు. యాజ్ఞవల్క్యుడు విడిచిన వేదాన్ని తోటి శిష్యులు తిత్తిరి పక్షులై గ్రహించారని, అందువల్లనే ఆ శాఖకు తైత్తిరీయమని పేరు వచ్చిందని పురాణగాథ.

రాలిన గింజలు, చెదపురుగులు కౌజుకు ఆహారం. ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి అలవాటు. కనుక దాగడానికి చేరువలో పొద ఉండాలి. గుడ్లను కూడా పొదల చాటున నేలమీదనే పెడుతుంది. కంచెలను నరికి, పురుగుమందులు చల్లిన చోట దానికి నీడా ఉండదు, పిల్లలకు తిండీ దొరకదు.

పెంపుడు కౌజును పంజరంలో ఉంచి, దాని కూతతో అడవి కౌజులను వలలోకి రప్పించడం వేటగాళ్ళ పాత పద్ధతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అటువంటి వేటను నిషేధించింది. 1963లో జాతీయపక్షిగా ప్రకటింపబడిన నెమలికి కూడా ఈ చట్టమే రక్ష.

పెరటి మూలన ఒక పొదను ఉండనిచ్చి, మట్టిమూకుడులో నీరు పోసి, దూరంగా కూర్చుని చూడండి. అలికిడికే బెదరే ఆ పక్షి పిల్లలతో సహా మన వాకిటికి వస్తే, అది మనలను నమ్మిందని అర్థం. ఆ నమ్మకాన్ని నిలుపుకోవడం మన ధర్మం.