కంప్రెసర్ పోయిందా... పోయిందన్నారా?

మే నెల. మిట్టమధ్యాహ్నం. పెళ్లికని ఇంటిల్లిపాదీ కారులో బయల్దేరారు. హనుమాన్ జంక్షన్ దాటారో లేదో... ఏసీలోంచి వేడిగాలి! వెనక సీట్లో పిల్లల గోల. పట్టుచీరలో ఉడికిపోతున్న అమ్మమ్మ ఆపసోపాలు. రోడ్డుపక్కన షెడ్డు కనిపిస్తే ఆపారు. మెకానిక్కు బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి తేల్చేశాడు.

'కంప్రెసర్ పోయింది సార్.'

'ఎంతవుద్ది బాబూ?'

'కొత్తదైతే ఇరవై వేలు పైమాటే. సెకండ్‌హ్యాండ్‌ది ఉంది, వేసేయమంటారా?'

ఎండాకాలంలో ఏటా ఎన్నో కుటుంబాలకు ఎదురయ్యే ప్రశ్నే ఇది. సరే అంటే వేలల్లో ఖర్చు. వద్దంటే ప్రయాణమంతా చెమటస్నానం. అయితే, కంప్రెసర్ పోయిందో లేదో ఒక్క చూపులో చెప్పడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే. అన్నం ఉడికిందో లేదో మూత తీయకుండా చెప్పడం లాంటిదది!

ఇంతకీ అది చేసే పనేంటి? డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్ నుంచి వచ్చే గ్యాస్‌ను పీల్చుకుని, గట్టిగా ఒత్తి, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌కి పంపుతుంది. అక్కడ గ్యాస్ వేడి వదిలి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రం దాటగానే ఒత్తిడి పడిపోయి, కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. ఆ కాయిల్ మీదుగా బ్లోయర్ తోసే గాలే మన ముఖానికి తగిలే చల్లగాలి. పెట్రోలు, డీజిలు కార్లలో కంప్రెసర్‌ని తిప్పేది ఇంజిన్ బెల్టు. పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఏసీ వేసినప్పుడు మాత్రం అయస్కాంత క్లచ్ దాన్ని లోపలి ఇరుసుకి కలుపుతుంది.

'టక్' వినిపించిందా?

ఇంజిన్ స్టార్టు చేసి ఏసీ బటన్ నొక్కండి. బానెట్ కింద 'టక్' మనాలి. క్లచ్ పట్టుకున్నట్టు గుర్తు. శబ్దం రాకపోతే కంప్రెసర్ పోయినట్టేనా? కానే కాదు. ఫ్యూజు కాలిపోయి ఉండొచ్చు, రిలే చెడిపోయి ఉండొచ్చు. వీటికయ్యేది కొద్ది మొత్తమే. అసలు గ్యాస్ బాగా తగ్గిపోయినా క్లచ్ పట్టదు. గ్యాస్‌తోపాటే ఆయిల్ తిరుగుతుంది కాబట్టి, కంప్రెసర్ ఎండిపోయి అరిగిపోకుండా ప్రెజర్ స్విచ్ అడ్డుపడుతుంది. అది జబ్బు కాదు, జాగ్రత్త! (కొన్ని కొత్త మోడళ్లలో క్లచ్చే ఉండదు. వాటికి స్కానర్ పెట్టి చూడాల్సిందే.)

మరో తిరకాసు... పొద్దున బాగానే పనిచేసి, అరగంట ప్రయాణం తర్వాత ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలే. చాలాసార్లు ఇది క్లచ్ పళ్లెం అరిగి, మధ్య సందు పెరగడం వల్ల. ఉండాల్సింది అర మిల్లీమీటరు, అంతకన్నా తక్కువే. వేడెక్కిన కాయిల్ బలహీనపడి ఆ పెరిగిన సందును లాగలేకపోతుంది. లోపలి సన్నటి వాషర్ ఒకటి తీసేస్తే సరిపోయే చోట కంప్రెసర్‌నే మార్పించుకున్నవాళ్లూ ఉంటారు.

శబ్దం కూడా గుట్టు విప్పుతుంది. ఏసీ ఆపినా గరగరమంటుంటే పుల్లీ బేరింగ్‌ని అనుమానించాలి. దాన్ని విడిగా మార్చుకోవచ్చు. ఏసీ వేసినప్పుడే గరగర మొదలైతే మాత్రం అరుగుదల లోపలే.

అసలు తీర్పు చెప్పేది గేజులు. నీలం పైపు తక్కువ ఒత్తిడి వైపు, ఎరుపు ఎక్కువ వైపు. మన ఎండల్లో ఆర్134ఏ గ్యాస్ వాడే కారుకి నీలం ముల్లు సుమారు 30-45 పీఎస్ఐ దగ్గర, ఎరుపుది 200 దాటి ఉండాలి. రెండూ బాగా పడిపోతే గ్యాస్ లీకైనట్టు. రెండూ పెరిగిపోతే కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. క్లచ్ పట్టి కంప్రెసర్ తిరుగుతున్నా రెండు ముళ్లూ ఇంచుమించు ఒకేచోట నిలబడ్డాయా... అప్పుడు నమ్మాలి, కంప్రెసర్ చేతులెత్తేసిందని.

మార్చేటప్పుడే అసలు కథ

నిజంగా మార్చాల్సి వచ్చిందనుకుందాం. పాతది విప్పి కొత్తది బిగించడం ఒక పూట పని. కానీ కొత్త కంప్రెసర్ రెండు నెలలకే మొరాయించిందంటే, తప్పు చాలావరకు దానిది కాదు. పాతది లోపల నలిగి చచ్చినప్పుడు లోహపు రజను పైపులన్నిటికీ పాకుతుంది. శుభ్రం చేయకుండా కొత్తది బిగిస్తే ఆ రజను దాన్నీ తినేస్తుంది. అందుకే పైపులు కడగాలి, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు కొత్తవి వేయాలి. సన్నటి గొట్టాలున్న నేటి కండెన్సర్లు కడిగినా శుభ్రపడవు. రజను చేరితే మార్చడమే.

తర్వాత ఆయిల్. కారుకి చెప్పిన రకమే, చెప్పిన కొలతే. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. ఆపైన వ్యాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట గాలినీ తేమనూ లాగేయాలి. 'టైమ్ లేదు సార్' అని ఇది ఎగ్గొట్టేవారే ఎక్కువ! తేమ మిగిలితే వాల్వు దగ్గర మంచు కట్టి అడ్డుపడుతుంది, లోపల తుప్పూ పడుతుంది. గ్యాస్‌ను అందాజాగా కాకుండా, బానెట్ కింది స్టిక్కర్ మీదున్న గ్రాముల లెక్కన తూచి ఎక్కించాలి. పాత గ్యాస్‌ను గాల్లోకి వదిలేయడం మరీ అన్యాయం. వాతావరణాన్ని వేడెక్కించడంలో కిలో ఆర్134ఏ వెయ్యి కిలోలకు మించిన బొగ్గుపులుసు వాయువుతో సమానం.

ఎలక్ట్రిక్ కారైతే పక్కింటి మెకానిక్కును అసలు చెయ్యి పెట్టనివ్వకండి. అందులో కంప్రెసర్ బెల్టుతో కాదు, ప్రాణం తీయగల వోల్టేజీతో నడుస్తుంది. చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచేదీ అదే. ఆయిల్ కూడా వేరు. మామూలు కార్ల ఆయిల్ కలిస్తే కరెంటు లీకయ్యే ప్రమాదం ఉంది.

బిల్లు కట్టేముందు పాత కంప్రెసర్‌ని చూపించమనండి. ముందున్న పళ్లేన్ని చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోయినా, తిప్పుతుంటే గరుకుగా తగిలినా, లోపలి ఆయిల్ నల్లగా మెరుపు రజనుతో వచ్చినా అది పోయిన మాట నిజమే. నున్నగా తిరుగుతూ ఆయిల్ తేటగా కనిపిస్తే మాత్రం... గేజులు ఏం చూపించాయో నిదానంగా అడగండి.